నాన్నకు వచ్చిన మూడు చెక్ మాటలు: ప్రాగ్‌లో ఐదు రోజులు

మా నాన్నకు చెక్ భాషలో మూడు మాటలు వచ్చు. దోబ్రీ డెన్ అంటే నమస్కారం. డేకుయి అంటే థాంక్స్. పొజోర్ అంటే జాగ్రత్త. 1968లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో అప్రెంటిస్‌గా చేరినప్పుడు నేర్చుకున్నవి. ఆ ఫ్యాక్టరీ అప్పటి చెకోస్లోవేకియా సహకారంతో కట్టింది. టర్బైన్ల డిజైన్లూ అక్కణ్ణుంచే వచ్చాయి, పని నేర్పే ఇంజినీర్లూ అక్కణ్ణుంచే వచ్చారు. షాప్ ఫ్లోర్‌లో నెత్తి మీద క్రేన్ కదిలినప్పుడల్లా వాళ్ళు "పొజోర్!" అని అరిచేవారట. మా చిన్నప్పుడు మేం రోడ్డు దాటుతుంటే నాన్న కూడా అలాగే అరిచేవారు. ఆ మాట తెలుగు కాదని నాకు స్కూల్లో చేరాక గానీ తెలియలేదు.

అందుకే ఈసారి సెలవులకి ఎక్కడికన్నప్పుడు చెక్ రాజధాని ప్రాగ్ తప్ప నేను ఇంకే ఊరూ ఆలోచించలేదు. నాన్నకి 75, అమ్మకి 70. ఇద్దరికీ నడక అలవాటే గానీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మే నెలలో వెళ్దామనుకున్నాం. ఇక్కడ ఎండలు మండిపోతుంటే అక్కడ పొద్దున స్వెట్టర్, మధ్యాహ్నం మామూలు బట్టలు సరిపోతాయి.

బయల్దేరేముందు

ఫిబ్రవరిలోనే పని మొదలుపెట్టాను. షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకటే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, వీసా సెంటర్ చార్జీలు వేరే. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చెయ్యాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 70 దాటినవాళ్ళకి ప్రీమియం ఎక్కువే. దాని దగ్గర మాత్రం పొదుపు చూడొద్దని ఎవరు అడిగినా చెబుతాను.

తెలిసినవాళ్ళంతా ఒకటే మాట. అంత దూరం వెళ్తూ ఒక్క ఊరేనా, వియన్నా, బుడాపెస్ట్ కూడా కలుపుకోండి అని. ఐదు రోజుల్లో మూడు దేశాలంటే రైల్వే స్టేషన్లు చూడటమే అవుతుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో భోజనం చేసి పడక. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఇంతకు మించి పెట్టుకోకూడదని నా అభిప్రాయం.

కాగితం మీద రోజువారీ ప్లాన్ రాసి నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "బాగుంది తల్లీ. నాదేముంది, ఏదైనా సరే" అన్నారు. నేను ఇంకేమీ అడగలేదు.

సామాన్ల దగ్గర అమ్మకీ నాకూ ఒక గొడవ. పాల పదార్థాలూ మాంసమూ బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు. నెయ్యి పాల పదార్థమే కాబట్టి అదీ కుదరదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. అమ్మ నెయ్యి సీసా సూట్‌కేసులో పెట్టడం, నేను తీసెయ్యడం రెండుసార్లు అయింది. చివరికి కందిపొడి, పులిహోర పేస్టు, గోంగూర పచ్చడి, చిన్న రైస్ కుక్కర్ సర్దుకున్నాం. హోటల్ కాకుండా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నది ఇందుకే.

మొదటి రోజు, మే 11, ఆదివారం

హైదరాబాద్ నుంచి దోహా మీదుగా వెళ్ళాం. విమానాశ్రయం బయటే 59 నంబర్ ట్రాలీబస్ ఎక్కితే మెట్రో ఏ లైన్ దగ్గర దింపుతుంది. అక్కణ్ణుంచి మెట్రోలో నేరుగా మేం దిగిన 'నామెస్తీ మీరు' స్టేషన్‌కి. ప్రాగ్‌లో 65 దాటినవాళ్ళకి బస్సు, ట్రామ్, మెట్రో అన్నీ ఉచితం. వయసు తెలిసేలా పాస్‌పోర్ట్ దగ్గరుంటే చాలు. టికెట్ కొన్నది నాకొక్కదానికే, 72 గంటలది, 2025 మేలో 330 కోరునాలు. కోరునా ఇక్కడి డబ్బు, అప్పుడు ఒకటి నాలుగు రూపాయలకి కాస్త తక్కువ. కాగితం టికెట్ కొంటే మొదటిసారి పసుపురంగు మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే.

నామెస్తీ మీరు స్టేషన్ భూమిలో 53 మీటర్ల లోతున ఉంది. దాని ఎస్కలేటర్ 87 మీటర్ల పొడవు, పైగా మన మాల్స్‌లో ఉన్నవాటి కంటే వేగం. అమ్మ అడుగు పెట్టడానికి భయపడి ఆగిపోయింది. నాన్న ముందు నిలబడి వెనక్కి చెయ్యి చాచారు. పైకి చేరేదాకా అమ్మ ఆ చెయ్యి వదల్లేదు. లిఫ్ట్ ఉన్న స్టేషన్లు ఏవో ముందే చూసుకోవాల్సిందని అప్పుడు తట్టింది.

ఆ రోజు పొరపాటు నాదే. దగ్గర్లోని ఒక చిన్న దుకాణంలో యూరోలు మార్చాను. రేటు బోర్డు చూశాననుకున్నాను. చూసింది వాళ్ళు అమ్మే రేటు, కొనేది కాదు. రసీదు తీరిగ్గా చదివితే తెలిసింది, ఐదో వంతు పోయిందని. గుండె ఆగినంత పనయింది. మేం దిగిన ఇంటావిడకి మెసేజ్ పెడితే వెంటనే ఫోన్ చేసింది. ఇక్కడి చట్టం ప్రకారం 1000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు, రసీదు పట్టుకుని ఇప్పుడే వెళ్ళు అంది. గంటన్నరే అయింది. వెళ్ళాను. మొహం ముడుచుకుని డబ్బులు వెనక్కి ఇచ్చారు. తర్వాతంతా కార్డుతోనే గడిచిపోయింది. రసీదు పారెయ్యకండి.

సాయంత్రం పెరుగు కోసం సూపర్ మార్కెట్‌కి వెళ్ళాం. డబ్బా మీద బీలీ యోగుర్ట్ అని ఉంటే అది తీపి కలపని మామూలు పెరుగు. బీలీ అంటే తెలుపు. తిరిగి వస్తుంటే ఒక భవనానికి పరంజా కట్టి, కింద పసుపు బోర్డు తగిలించారు. నాన్న దాని ముందు ఆగిపోయారు.

"ఇది పొజోరేనా తల్లీ?"

అవును. పి, ఓ, జెడ్, ఓ, ఆర్. యాభై ఏడేళ్ళుగా నోట్లో ఉన్న మాటని ఆయన అక్షరాల్లో చూడటం అదే మొదలు. జేబులోంచి పెన్ను తీసి, సూపర్ మార్కెట్ బిల్లు వెనక ఆ ఐదు అక్షరాలూ రాసుకున్నారు.

రెండో రోజు, మే 12, సోమవారం

తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాం. అమ్మ కూడా. 22 నంబర్ ట్రామ్ ఎక్కి మాలా స్ట్రానా పేట వైపు దిగి, ఐదున్నరకల్లా చార్లెస్ బ్రిడ్జి మీద ఉన్నాం. ఆ టైముకి వెళ్ళడానికి రెండు కారణాలు. పది దాటితే ఆ బ్రిడ్జి మీద కాలు పెట్టే చోటు దొరకదు. రెండోది, 1357లో చక్రవర్తి నాలుగో చార్లెస్ దీనికి శంకుస్థాపన చేసిన టైము పొద్దున 5 గంటల 31 నిమిషాలని చెబుతారు. సంవత్సరం 1357, తేదీ 9, నెల 7, టైము 5.31. వరుసగా రాస్తే 135797531. అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకటే.

"ముహూర్తం పెట్టి కట్టారన్నమాట," అంది అమ్మ. జ్యోతిష్కులే పెట్టారని ఇక్కడా చెప్పుకుంటారు. దాదాపు ఆ చోటే అంతకుముందున్న వంతెన 1342 వరదలో కొట్టుకుపోయింది మరి. ఇది దాదాపు 516 మీటర్ల పొడవు, పదహారు కమానులు, రెండు పక్కలా ముప్ఫై విగ్రహాలు. సున్నంలో కోడిగుడ్లు కలిపారన్న కథ కూడా ఉంది. అది వినగానే నాన్నకి తెనాలి దగ్గర వాళ్ళ తాతగారి ఇల్లు గుర్తొచ్చింది. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళూ గుడ్డు సొనా కలిపి కట్టారట. కూలగొట్టేటప్పుడు గునపాలు వంగిపోయాయని ఆయన ఎప్పుడూ చెప్పే కథే. ఈసారి రాతి గోడ మీద చెయ్యి పెట్టి చెప్పారు.

అప్పటికి బ్రిడ్జి మీద మేం కాక ఫోటోలు తీసుకునే కొత్త జంట ఒకటి, చెత్త ఎత్తే అబ్బాయి ఒకడు, అంతే. వల్తావా నది మీద సన్నటి పొగమంచు. నీళ్ళ చప్పుడు కింద ఆనకట్ట దగ్గర్నుంచి వినిపిస్తోంది. నాన్న చెత్త ఎత్తే అబ్బాయితో "దోబ్రీ డెన్" అన్నారు. అతను చీపురు ఆపి తనూ అదే అని, తర్వాత గడగడా ఇంకేదో చెప్పాడు. నాన్నకి అర్థం కాలేదు. "డేకుయి" అన్నారు. మూడింట్లో రెండు ఖర్చయ్యాయి.

ఏడున్నరకి ఇంటికొచ్చి ఉప్మా తిని అందరం పడుకున్నాం. పెద్దవాళ్ళతో ప్రయాణంలో ఈ పగటి నిద్ర ఉండి తీరాలి.

సాయంత్రం ఐదింటికి ఓల్డ్ టౌన్ స్క్వేర్. ఇక్కడి టౌన్ హాల్ గోడకి 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. కాదాన్ ఊరి మికులాష్ అనే గడియారాల పనివాడు తయారుచేస్తే, చార్లెస్ యూనివర్సిటీ గణిత పండితుడు యాన్ షిండెల్ లెక్కలు కట్టి ఇచ్చాడు. ఇలాంటి గడియారాల్లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో ఇదే పాతది. ప్రతి గంటకీ పైన రెండు కిటికీలు తెరుచుకుని ఏసుక్రీస్తు పన్నెండు మంది శిష్యుల బొమ్మలు వరుసగా కనిపిస్తాయి, పక్కన అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది, చివర్న కోడిపుంజు కూస్తుంది. జనమంతా ఆ నిమిషం ఫోన్లు పైకెత్తి, అవగానే వెళ్ళిపోతారు. అసలు చూడాల్సింది వాళ్ళు వెళ్ళిపోయాకే.

డయల్ మధ్యలో భూమి. బయట కదిలే ఒక వలయం మీద పన్నెండు రాశులు. బంగారు సూర్యుడున్న ముల్లు ఒకటి, చంద్రుడున్న ముల్లు ఒకటి. చంద్రుడంటే చిన్న గుండు, సగం నలుపు, సగం వెండి రంగు. అది తనలో తాను తిరుగుతూ ఆ రోజు చంద్రకళ ఎంతో చూపిస్తుంది. అన్నిటికంటే బయట ఇంకో వలయం, పాత చెక్ గంటలది. అందులో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది.

అమ్మ బొమ్మల కోసం చూడనే లేదు. చూపంతా ఆ గుండు మీదే. నలుపు ఎక్కడా లేదు, మొత్తం వెండి.

"ఇవాళ వైశాఖ పౌర్ణమి కదే!" అంది.

నాకు గుర్తు లేదు. వచ్చేముందే పంచాంగంలో ఐదు రోజులకీ తిథులు చూసి పెట్టుకుందట. చంద్రుడి ముల్లు సూర్యుడి ముల్లుకి సరిగ్గా ఎదురుగా ఉంది. తర్వాత సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చూపించమంది. ముల్లు వృషభం బొమ్మ మీద ఉంది. అమ్మ ఒప్పుకోలేదు. "ఇంకా మేషంలోనే ఉన్నాడు. వృషభ సంక్రమణం ఎల్లుండి కదా. గడియారం తప్పు చూపిస్తోంది."

ఇద్దరూ ఒప్పే. వీళ్ళు రాశులు లెక్కపెట్టేది వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే బిందువు నుంచి. మన పంచాంగం లెక్కపెట్టేది నక్షత్రాల నుంచి. ఈ రెండింటికీ మధ్య ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా వచ్చింది, దాన్నే అయనాంశ అంటారు. అది చెప్పాక అమ్మ కాసేపు వేళ్ళ మీద లెక్క వేసుకుని, "అయితే ఇరవై నాలుగు రోజులు ముందుంటారు, అంతేగా" అంది. అంతే.

నాన్న గోల వేరు. ఇవన్నీ ఒకే యంత్రంతో ఎలా తిప్పుతున్నారని. నేను నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నది చదివాను. వెనక మూడు పెద్ద చక్రాలున్నాయి, ఒకే ఇరుసు మీద. రాశి చక్రానికి 365 పళ్ళు, సూర్యుడి చక్రానికి 366, చంద్రుడి చక్రానికి 379. నాన్న ఆ నోట్‌బుక్ తీసేసుకుని ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నారు. పావుగంట మాట్లాడలేదు. తర్వాత నన్ను పిలిచి వివరించారు, అప్రెంటిస్‌కి చెప్పినట్టు.

"మూడింటినీ తిప్పేది ఒకే సైజు చిన్న గేరే. పళ్ళు తక్కువున్నది కాస్త ముందు తిరుగుతుంది. రాశి చక్రానికి ఒక్క పన్ను తక్కువ. సూర్యుడు ఏడాదికి 365 చుట్లు తిరిగితే అది 366 తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టు తేడాతోనే సూర్యుడు పన్నెండు రాశులూ చుట్టేస్తాడు. ఒక్క పన్నుతో సంవత్సరం చేశాడమ్మా వీడు!"

ఏడో గంట దాకా అక్కడే ఉన్నాం. ముప్ఫై ఆరేళ్ళు గేర్లూ టర్బైన్ బ్లేడ్లూ చూసిన మనిషి, ఆరొందల ఏళ్ళ కిందటి పనివాడి పనితనం ముందు అలా కూర్చుని ఉంటే లేవమనబుద్ధి కాలేదు.

మే 12 ఈ ఊళ్ళో ఇంకో రకంగా కూడా ముఖ్యం. స్మెతానా అనే సంగీతకారుడు 1884లో ఇదే రోజున చనిపోయాడు. ఏటా ఇదే రోజు ఆయన 'మా వ్లాస్త్' (నా దేశం) అనే సంగీత రచనతో ప్రాగ్ వసంత సంగీతోత్సవం మొదలవుతుంది. అందులో వల్తావా నది మీద కట్టిన భాగం ఉంది. కచేరీ టికెట్లు మాకు దొరకలేదు. రాత్రి నేషనల్ థియేటర్ పక్క వంతెన మధ్యదాకా నడిచి, ఫోన్‌లో ఆ భాగం పెట్టుకుని ఒక ఇయర్‌ఫోన్ అమ్మ, ఒకటి నేను పంచుకున్నాం. తొమ్మిదిన్నరకి పాత ఊరి మేడల పైన చంద్రుడు వచ్చాడు. అమ్మ దణ్ణం పెట్టుకుంది.

మూడో రోజు, మే 13, మంగళవారం

ప్రాగ్ కోట. కొండ ఎక్కే పని పెట్టుకోకండి. అదే 22 నంబర్ ట్రామ్ కోట వెనకవైపు దాకా తీసుకెళ్తుంది, దిగి ఐదు నిమిషాలు సమంగా ఉన్న నేల మీద నడవడమే. చూడటం అయ్యాక నెరుదోవా వీధి గుండా కిందికి దిగొచ్చు. దారంతా గుండ్రాళ్ళు పరిచి ఉంటుంది, చెప్పులు పనికిరావు. అమ్మ చీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకుంది. మొదట సిగ్గుపడింది గానీ సాయంత్రానికి అవి విప్పనంది.

కోట అంటే ఒక్క భవనం కాదు, దాదాపు 70 వేల చదరపు మీటర్ల ఊరు. సెయింట్ వీటస్ కేథడ్రల్ 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారు. 585 ఏళ్ళు. మధ్యలో యుద్ధాలొచ్చి ఆగింది, డబ్బుల్లేక ఆగింది, మళ్ళీ మొదలైంది. చిత్రకారుడు ముచా గీసిన రంగుల అద్దాల కిటికీ ముందు ఎండ పడే టైములో నిలబడితే నేల మీద నీలం, ఆకుపచ్చ మరకలు పడతాయి. రాజుల కిరీటం ఉన్న గదికి ఏడు తాళాలు, ఏడు తాళంచెవులు ఏడుగురి దగ్గర. మా ఊరి గుడి నగల పెట్టెకి మూడు తాళాలుండేవని నాన్న అన్నారు.

పాత రాజభవనంలో ఒక కిటికీ ఉంది. 1618 మే 23న ఈ దేశపు ప్రొటెస్టెంట్ ప్రభువులు చక్రవర్తి ప్రతినిధులిద్దర్నీ, వాళ్ళ గుమాస్తానీ ఆ కిటికీలోంచే కిందికి తోసేశారు. ముగ్గురూ బతికారు. కానీ ఆ గొడవే యూరప్‌ని ముప్ఫై ఏళ్ళ యుద్ధంలోకి లాగింది. మూడేళ్ళ తర్వాత, తిరుగుబాటు చేసినవాళ్ళలో 27 మందిని ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో చంపారు. ముందురోజు గడియారం పక్కన నేల మీద తెల్లరాళ్ళతో పొదిగిన 27 శిలువలు చూశాం, ఎందుకో అప్పుడు చెప్పలేదు. అమ్మ వాటి మీద కాలు పడిందేమోనని ఆ రాత్రి దాకా బాధపడింది.

కోట లోపలి గోల్డెన్ లేన్‌లో 22వ నంబర్ ఇల్లు రచయిత కాఫ్కా చెల్లెలు అద్దెకి తీసుకున్నది. 1916, 17ల్లో కాఫ్కా అక్కడ కూర్చుని రాసుకునేవాడు. మనిషి చేతులు చాస్తే రెండు గోడలూ అందుతాయేమో, అంత ఇల్లు. జనం విపరీతం, నిలబడనివ్వలేదు.

మధ్యాహ్నం బ్రంబోరాక్ తిన్నాం. తురిమిన బంగాళాదుంపలో వెల్లుల్లీ మర్జోరం ఆకూ కలిపి పెనం మీద వేస్తారు. మాంసం లేనిదో కాదో అడిగి తీసుకోవాలి. మా అమ్మకి నచ్చిన ఒకే ఒక్క చెక్ వంట ఇది, కందిపొడి చల్లుకున్నాక.

నాలుగో రోజు, మే 14, బుధవారం

పొద్దున జోసెఫోవ్, పాత యూదుల పేట. శనివారాలు మూసేస్తారు, ప్లాన్ వేసుకునేటప్పుడు చూసుకోండి. పింకాస్ ప్రార్థనాలయం కింది అంతస్తులో విగ్రహాలూ బొమ్మలూ ఏమీ ఉండవు. గోడల నిండా పేర్లు. బొహీమియా, మొరావియాల నుంచి నాజీలు తీసుకెళ్ళి చంపిన దాదాపు 80 వేల మంది యూదుల పేర్లు, పుట్టిన తేదీలు. కింది నుంచి పైదాకా, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, ఖాళీ లేకుండా. 1950లలో రాశారు. తర్వాత గోడలకి చెమ్మెక్కిందని మూసేశారు, రాతలు పోయాయి. 1990లలో మళ్ళీ ఒక్కొక్క పేరూ రాశారు.

అమ్మకి ఇంగ్లిష్ అంతగా రాదు గానీ అంకెలు చదువుతుంది. పుట్టిన సంవత్సరాలు చూసుకుంటూ నడిచింది. 1938 దగ్గర ఆగింది. 1941 దగ్గర ఆగింది. పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధ శిబిరంలో పిల్లలు గీసిన బొమ్మలున్నాయి. ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి ఆ పిల్లలకి బొమ్మలు నేర్పింది. తనని ఆష్‌విట్జ్ మృత్యు శిబిరానికి పంపేముందు నాలుగున్నర వేల బొమ్మల్ని రెండు సూట్‌కేసుల్లో దాచి వెళ్ళింది. ఆవిడ తిరిగి రాలేదు. ఆ పిల్లల్లో చాలామంది కూడా. ఇళ్ళు, సీతాకోకచిలుకలు, భోజనాల బల్ల. బయటికొచ్చాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. పక్కనే ఉన్న పాత యూదుల స్మశానంలో సమాధుల మీద జనం చిన్న రాళ్ళు పెట్టి వెళ్తారు. అమ్మ కూడా ఒకటి ఏరి పెట్టింది.

మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం వెన్సెస్లాస్ స్క్వేర్. పేరుకి స్క్వేర్ గానీ అది పొడవాటి రోడ్డు. కింది చివర బాటా భవనం, 1929 నాటిది. బాటా మన కంపెనీ కాదని, 1894లో ఈ దేశంలోని జ్లీన్ ఊళ్ళో పుట్టిందని చెబితే అమ్మ నమ్మలేదు. నా చిన్నప్పటి స్కూలు బూట్లన్నీ లింగంపల్లిలో కొన్న బాటావే. లోపలికెళ్ళి నాన్నకి ఒక జత కొన్నాం.

పై చివర నేషనల్ మ్యూజియం. ముందు భాగంలో పెద్ద పెద్ద రాతి స్తంభాలు. దగ్గరికెళ్ళి చూస్తే వాటి మీద అక్కడక్కడా లేతరంగు మచ్చలున్నాయి, అరచేతంత, బొటనవేలంత. 1968 ఆగస్టు 21న సోవియట్ సైన్యం ఊళ్ళోకి వచ్చినప్పుడు ఈ భవనం మీద కాల్పులు జరిపింది. ఆ తూటాల గుంతలు పూడ్చిన చోట్లు ఇవి. ఈమధ్య భవనమంతా బాగుచేసినప్పుడు కూడా ఆ మచ్చలు కనబడకుండా చెయ్యలేదు, కావాలనే.

నేను గైడ్‌లా తేదీ చెబుతున్నాను. నాన్న నన్ను ఆపారు.

"ఆగస్టు 21 అన్నావా?"

ఆయన మెట్ల మీద కూర్చున్నారు. తర్వాత చెప్పింది నేను ఇంతకుముందెప్పుడూ వినలేదు. అమ్మ కూడా వినలేదట. చేరి అప్పటికి రెండు నెలలు. ఆయనకి పని నేర్పే చెక్ ఇంజినీర్ పొద్దున షాప్‌కి వచ్చాడు గానీ మిషన్ దగ్గరికి రాలేదు. ఆఫీసు గదిలో ఒక ట్రాన్సిస్టర్ చుట్టూ నలుగురైదుగురు చెక్‌లు కూర్చున్నారు. భోజనానికి లేవలేదు. నాన్న క్యాంటీన్ నుంచి టీ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టారు. సాయంత్రం చూస్తే ఆ గ్లాసు అలాగే ఉంది, పైన మీగడ కట్టి. సారుకి ఒంట్లో బాగాలేదనుకున్నారట. మర్నాడు ఆయన మామూలుగా వచ్చి పని చెప్పాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

"పేపర్లో వచ్చే ఉంటుంది. నేను చదవలేదు. పద్దెనిమిదేళ్ళు నాకు. వాళ్ళ ఊళ్ళోకి ట్యాంకులొచ్చాయని అడగడానికి నాకు ఇంగ్లిషూ రాదు, వాళ్ళ మాటలూ రావు. వచ్చిందల్లా ఆ మూడే."

మ్యూజియం ముందు నేలలో పరుచుకున్నట్టున్న శిలువ ఒకటి ఉంది. 1969 జనవరి 16న యాన్ పాలాఖ్ అనే ఇరవయ్యేళ్ళ విద్యార్థి, ఆ ఆక్రమణకి జనం అలవాటు పడిపోతున్నారని, ఇక్కడ ఒంటికి నిప్పంటించుకున్నాడు. మూడు రోజులకి చనిపోయాడు. నాన్న కంటే రెండేళ్ళే పెద్ద. అక్కడ ఎవరో పెట్టిన గులాబీలు కొన్ని ఎండి ఉన్నాయి, రెండు తాజాగా ఉన్నాయి.

ఇదే వీధిలో 1989 నవంబర్‌లో లక్షల మంది చేరి తాళంచెవులు గలగలలాడించి ప్రభుత్వాన్ని దింపారు. అది కూడా చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రం చెప్పలేదు. నాన్న లేచి ఒక స్తంభం దగ్గరికెళ్ళి, లేతరంగు మచ్చ ఒకదాని మీద బొటనవేలు పెట్టి కొలిచినట్టు చూశారు. ట్రామ్ దిగి ఇంటికి నడిచేదాకా ఆ బాటా సంచి ఆయన చేతిలోనే ఉంది, నన్ను పట్టుకోనివ్వలేదు.

ఐదో రోజు, మే 15, గురువారం

విమానం మధ్యాహ్నం. మిగిలిన పెరుగుతో దద్దోజనం కలిపి డబ్బాల్లో సర్దాం. దారిలో ఒక గంట ఉందని దేయ్‌విత్సే పేటలో ఠాకూరోవా వీధి చూపించాను. రవీంద్రనాథ్ ఠాగూర్ 1921లో, మళ్ళీ 1926లో ఈ ఊరికి వచ్చాడు. ఆయన పేరు మీద వీధి, పక్కన ఆయన విగ్రహం. అమ్మ ఫోటో దిగింది.

ట్రాలీబస్‌లో నాన్న కిటికీ పక్కన కూర్చున్నారు. సగం దారిలో అడిగారు.

"తల్లీ, పిల్జెన్ ఇక్కణ్ణుంచి ఎంత దూరం?"

"తొంభై కిలోమీటర్లుంటుంది నాన్నా. రైల్లో గంటన్నర. ఎందుకు?"

"ఏం లేదు. మా సారు వాళ్ళ ఊరు అది. స్కోడా ఫ్యాక్టరీ అక్కడే. అక్కడ గేటు ఎదురుగానే వాళ్ళ ఇల్లని చెప్పేవాడు, గేటు బొమ్మ గీసి చూపించాడొకసారి."

నాకు నోట మాట రాలేదు. ఫిబ్రవరి నుంచి ప్లాన్ వేశాను. మూడో రోజు మధ్యాహ్నం ఖాళీగానే ఉంది.

"ముందే చెప్పొచ్చు కదా నాన్నా."

"నువ్వంత చక్కగా రాసుకున్నావు. మధ్యలో నాదెందుకని."

అమ్మ వెనక సీట్లోంచి వింటోంది. విమానాశ్రయం స్టాపు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. పక్కనుంచి ఇంకో బస్సు వస్తుంటే, సూట్‌కేసు దింపబోతున్న నాన్న భుజం పట్టుకుని వెనక్కి లాగి అమ్మ అంది, "ఏమండీ, పొజోర్!"